అరచేతి తడి

మానవ నాగరికతను నిలబెట్టినది నిప్పూ కాదు, చక్రమూ కాదు, చేతిరుమాలు. చనిపోయినవారిని తలచుకోవడానికి ఏటేటా అనుమతి పొందవలసిన మా పట్టణంలో ఈ సత్యం ప్రతి పౌరుడికీ తెలుసు.

జ్ఞాపకాల ధ్రువీకరణ కార్యాలయంలో ఒక గాజు పలక ఉంది. దానిమీద యూరోపియం అనే అరుదైన లోహపు సమ్మేళనాన్ని, వెంట్రుకలో వెయ్యోవంతు మందాన, పూతగా పూశారు. దరఖాస్తుదారు అరచెయ్యి ఆనించి, పోయినవారిని తలచుకోవాలి. ఊదారంగు దీపం కింద పలక ఎర్రగా మెరిస్తే జ్ఞాపకం నిజమైనది. మూడుసార్లు మెరవకపోతే ఆ జ్ఞాపకాన్ని కార్యాలయం స్వాధీనం చేసుకుంటుంది. మర్నాటి ఉదయానికి మనిషి దగ్గర అది ఉండదు. ఇందులో నొప్పి ఏమీ లేదని గోడమీద రాసి ఉంది.

బొడ్డపాటి నూకరాజు, భార్య పైడమ్మ కోసం, మూడోసారి వచ్చాడు. ఆ పలక చేసినవాడు ఆయనే. కళాశాల ప్రయోగశాలలో ముప్పై ఏళ్లపాటు గాజు పలకలను ద్రావణంలో ముంచి, ఊపిరి బిగబట్టి, పైకి లాగాడు. పలక తుడవడానికి కొత్తగుడ్డ పనికిరాదు, గీతలు పడతాయి. ఏళ్లతరబడి ఉతికిన నేతచీరే కావాలి. ఆ చీరలన్నీ పైడమ్మవి. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడు ఆవిడ కొంగు వేళ్లతో నలిపి చూసి, "ఇంకో వానాకాలం ఆగాల" అనేవాడు.

"నన్ను సూడ్డానికా, నా కోకని సూడ్డానికా ఎదురొచ్చినావు?" అనేది ఆవిడ.

నూకరాజు చెయ్యి ఆనించాడు. పలక నల్లగానే ఉంది.

"తడమ్మా," అన్నాడు బల్ల అవతలి గుమస్తాతో. "కన్నీల్లు తుడుసుకున్న సెయ్యి. తడి తగిల్తే ఈ పూత వెలగదు. నాను సేసిందే కదేటి, నాకు తెల్దా?"

"నాకూ తెలుసు బాబాయ్," అంది గుమస్తా అరుంధతి. "ఏడ్చినోళ్లెవరికీ వెలగదు. కానీ రూల్సులో తడి మాట లేదు. వెలగకపోతే గుర్తులేదనే రాయాలి. నేను పెన్ను మూత తీసేలోగా తుడుచుకుని పెట్టెయ్."

జేబులోని రుమాలు పైడమ్మ ఆఖరి చీర ముక్క. దాంతో తుడుచుకుంటే మళ్లీ ఏడుపొస్తుంది. వెనకటి రెండుసార్లూ జరిగింది అదే. నూకరాజు రుమాలు తియ్యలేదు. ఫ్యాను కింద చెయ్యి చాపి, పైడమ్మను కాసేపు పక్కనపెట్టి, పెరట్లో కారుతున్న కుళాయి వాషరు గురించి శ్రద్ధగా ఆలోచించాడు. చెయ్యి ఆరింది. పలక దానిమ్మగింజలా వెలిగింది.

"చూశావా, పిన్ని నీకెంత గుర్తుందో!" అంది అరుంధతి మనస్ఫూర్తిగా.

"అవునమ్మా," అన్నాడు నూకరాజు. వచ్చే ఏడు ఇంటి దగ్గర్నుంచే వాషరు తలచుకుంటూ బయల్దేరితే ఒక్కసారికే పని అయిపోతుందని ఆయనకు అప్పుడే తోచింది.

ఆయనకు ఆనాటి రెండో నంబరు ధ్రువపత్రం ఇచ్చారు. ఒకటో నంబరుది, రోజూలాగే, ఉదయం పలక పనిచేస్తోందో లేదో చూడటానికి దానిమీద బోర్లించే ఎండు కొబ్బరిచిప్పకు వెళ్లింది.