నడిమధ్యన పోయిన ఇరవై ఎనిమిది హార్స్‌పవర్

ఈ సృష్టిలో ఏ శక్తీ పుట్టిన చోటి నుంచి చేరవలసిన చోటికి పూర్తిగా చేరదు. చేరితే మధ్యన ఉన్నవాళ్ళ గతేం కావాలి? ఈ పరమసత్యాన్ని శాస్త్రవేత్తలు ఎప్పుడు కనిపెట్టారో గానీ, కోస్తారికా కొండల్లోని ఆల్తో ఎస్పినో ఊరివాళ్ళకి అంతకుముందే తెలుసు. వాళ్ళ రోడ్డు కోసం రాజధానిలో లారీడు తారు బయలుదేరితే ఊరికి బకెట్టెడు చేరింది. (ఆ బకెట్టుకు ప్రారంభోత్సవం మాత్రం ఏ లోటూ లేకుండా జరిగింది.)

ఆ ఊళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళు పంతులమ్మగా పనిచేసి రిటైరైన ఒదీలియే దగ్గర ఒక చిన్న కారు ఉంది. మోకాలు క్లచ్ తొక్కనివ్వదు కాబట్టి ఆటోమేటిక్ కొనుక్కుంది. వారానికి మూడు రోజులు ఆ కారులో ముగ్గురిని కింద పట్నం ఆసుపత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చేది. ఫ్లోరీ, నిదియా అక్కచెల్లెళ్ళు. మూడో మనిషి దోన్ ఎలాదియో (అంటే ఎలాదియో గారు), డెబ్బై ఒక్క ఏళ్ళవాడు, బతుకంతా కాఫీ తోటల్లో గడిపినవాడు.

నిజానికి ఆ పని ఆసుపత్రి వ్యాను చేయాలి. కానీ వ్యాను సౌకర్యం వ్యాను ఎక్కగలిగిన రోడ్లకే వర్తిస్తుందని నిబంధన. ఊరి ముందున్న ఆఖరి ఎత్తు అంతకన్నా నిటారు. అంటే, నడవగలిగే చోట ఉన్న రోగులకు వ్యాను, నడవలేని చోట ఉన్న రోగులకు నడక.

టీచరమ్మ కారు కూడా ఆ ఎత్తు దగ్గర మూలిగేది. ఇద్దరిని ఎక్కించుకుంటే ఎక్కుతుంది, ముగ్గురైతే సగంలో ఆగి వెనక్కి జారుతుంది. కాబట్టి తిరుగు ప్రయాణంలో ఒకరు దిగాలి. వంతులు వేసుకున్నారు గానీ, ప్రతిసారీ ఎలాదియోనే ముందుగా తలుపు తీసి దిగేవాడు.

"ఇవాళ నా వంతు కదా పెద్దాయనా!" అనేది నిదియా.

"నీ వంతు రేపటికి దాచుకోమ్మా. ఈ రాళ్ళకి నా చెప్పులంటే అలవాటు."

నాలుగు గంటలు మంచం మీద రక్తం కడిగించుకొచ్చిన మనిషి, గోడలు పట్టుకుంటూ ఆ ఎత్తు ఎక్కేవాడు. ఒదీలియే అద్దంలో చూసేది కాదు. పైన ఇంజను ఆపి, ఆయన వచ్చేదాకా స్టీరింగు పట్టుకుని కూర్చునేది.

ఒకనాడు ఆమె ఎలాదియోని వెంటబెట్టుకుని తన పాత శిష్యుడు గ్రేవిన్ మెకానిక్ షెడ్డుకు వెళ్ళింది.

"ఇంజనుకి ఊపిరి చాలట్లేదు టీచరమ్మా," అన్నాడు గ్రేవిన్ బానెట్ ఎత్తి. "సూపర్‌ఛార్జర్ పెడతా. ఇంజను బెల్టుతోనే తిరుగుతుంది, గాలిని లోపలికి గట్టిగా ఊదుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ తగలెయ్యచ్చు, బలం వస్తుంది. ఎనభై ఏడు హార్స్‌పవర్‌ని నూట ఇరవై చేస్తా. అంతకు మించి ఊదితే గేర్‌బాక్స్ చేతులెత్తేస్తుంది."

"ఆ నూట ఇరవై చక్రాలకి అందుతుందా?"

గ్రేవిన్ తల గోక్కున్నాడు. బళ్ళో జవాబు తెలిసీ చెప్పడానికి భయపడ్డప్పుడు కూడా అలాగే గోక్కునేవాడు.

"అందదమ్మా. ఆటోమేటిక్ కదా. ఇంజనుకీ గేర్లకీ మధ్య ఆయిల్‌తో నడిచే బిళ్ళ ఉంటుంది. అందులో కొంత జారిపోద్ది. గేర్లు కొంత తింటాయి, పంపు కొంత తింటుంది, మిగతాది వేడై పోద్ది. ఏదో పిసరంత కాదు, దాదాపు నాలుగో వంతు హుష్."

"మా తారులాగ," అన్నాడు ఎలాదియో, బెంచీ మీద కూర్చుని వేడి బెల్లం నీళ్ళు ఒక్క గుక్క మాత్రమే తాగుతూ. (ఆయనకు డాక్టర్లు రోజుకు ఎన్ని గుక్కలో లెక్క కట్టారు.) "కాకపోతే నీ గేర్‌బాక్స్ నయంరా, నాలుగింట మూడొంతులు వదిలిపెడుతోంది."

బిగింపు వారంలో అయింది. చక్రాలను రోలర్ల మీద తిప్పి బలం కొలిచే యంత్రం పట్నంలో ఉంటే అక్కడ కొలిపించారు. చక్రాల దగ్గర తొంభై రెండు. ఆ సాయంత్రం కారు సన్నగా ఈల వేస్తూ, ముగ్గురితో ఆ ఎత్తు ఎక్కేసింది. పైకి రాగానే ఎలాదియో, "టీచరమ్మా, ఇంకోసారి కిందికి పోయి రాకూడదూ? ఈసారి చుట్టూ చూస్తాను. నడిచినప్పుడు కాళ్ళ కిందే చూశాను," అన్నాడు.

ఆమె నిజంగానే కారు తిప్పింది.

వాహనంలో మార్పు చేస్తే నమోదు చేయించుకోవాలి. ఒదీలియే చట్టాన్ని పిల్లలకు బోధించిన మనిషి కాబట్టి ఎవరూ అడక్కముందే వెళ్ళింది. (దేశంలో సగం కష్టాలు ఇలాగే మొదలవుతాయి.) వాహన పరివర్తనల జాతీయ పర్యవేక్షణ కార్యాలయంలో, పదకొండు-బి ఫారంలో, 'వాహన శక్తి' అన్న గడిలో ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది: ఇంజను దగ్గర 120, చక్రాల దగ్గర 92.

ఉప పర్యవేక్షకుడు అర్గెదాస్ కళ్ళద్దాలు తీశాడు. మర్యాదస్తుడు. ముందు ఆమెకు కుర్చీ వేయించాడు.

"ఒక గడిలో ఒక్క అంకే ఉండాలమ్మా. మిగతా ఇరవై ఎనిమిది ఏమైనట్టు?"

"దారిలో పోయాయి. ఏ కారులోనైనా పోతాయండీ."

"పోయాయా?" ఆయన ముఖం గంభీరమైంది. "పోయిన దానికి పోలీసుల ధ్రువపత్రం తేవాలి. అందాకా ఆ యంత్రం వాడకూడదు."

సూపర్‌ఛార్జర్ బెల్టు తీయించి, సంచిలో వేసి సీలు కొట్టారు. గ్రేవిన్ పాత గొట్టం మళ్ళీ తగిలించాడు. మర్నాడు ఎలాదియో మళ్ళీ తలుపు తీశాడు.

పోలీసు స్టేషనులో సార్జెంటు ఓపిగ్గా రాసుకున్నాడు.

"చివరిసారి ఎక్కడ చూశారు?"

"గేర్‌బాక్స్ ముందు."

"ఎవరిమీదైనా అనుమానమా?"

"ఆయిల్ మీద."

"పేరు చెప్పకండమ్మా. పేరు చెబితే దొంగతనం కేసవుద్ది, ఏడాది పడుద్ది. పోయాయని రాస్తా, ఇవాళే అయిపోద్ది." అని, ఇరవై ఎనిమిది హార్స్‌పవర్, రంగు తెలియదు, ఆనవాళ్ళు వేడి, అని రాసి ముద్ర వేసి ఇచ్చాడు.

అర్గెదాస్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ఇంజనుకూ చక్రాలకూ మధ్య పోయాయని ఉంది. అంటే వాహనం లోపలే ఉన్నాయి. లోపల ఉన్నదాన్ని పోయినదిగా పరిగణించలేం. ప్రకటించని సరుకు కిందికి వస్తుంది. కమిటీకి పంపాలి."

"అర్గెదాస్ గారూ, మీరు ఇంటి నుంచి ఆఫీసుకి వచ్చేసరికి అలసిపోతారా?"

"సహజం కదమ్మా."

"ఆ అలసట ఎక్కడుందో ధ్రువపత్రం ఉందా?"

ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకుని, తన అధికార పరిధిలో చేయగల మేలు చేశాడు. అదనపు శక్తి ఎందుకు అవసరమో తెలిపే ఫారం ఇచ్చి, ప్రయాణికుల పేర్లూ బరువులూ రాయమన్నాడు. మార్పులుంటే మూడు నెలలకోసారి తెలియజేయాలన్నాడు. ఆమె ముగ్గురి పేర్లూ రాసింది. మొత్తం నూట తొంభై ఎనిమిది కిలోలు.

కమిటీ మూడుసార్లు సమావేశమైంది. మొదటిసారి కోరం లేదు. రెండోసారి కోరం ఉంది, ఫైలు లేదు. మూడోసారి రెండూ ఉన్నాయి గానీ, ఆయిల్ అనేది సభ్యుల పరిధిలోకి వస్తుందా రాదా అన్న ప్రశ్న మీద వాయిదా పడింది. ఈలోగా వానలు పట్టుకున్నాయి. ఎత్తు మీద బురద నీళ్ళు పారుతుంటే ఎలాదియో ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఎక్కేవాడు. ఒదీలియే ఒకటి రెండుసార్లు పైన కారు ఆపి, తానూ దిగొచ్చి చెయ్యి పట్టుకుంది.

"సీలు తెంపేస్తాను పెద్దాయనా. ఏం చేస్తారో చేసుకోనీ."

"తప్పు. కారు లాక్కుంటే ఈ ఆడపిల్లలెట్టా పోతారు? మా పిల్లలందరికీ వరుసలో నిలబడటం నేర్పింది నువ్వేగా," అని నవ్వి, ఊపిరి కోసం ఆగి, మళ్ళీ ఎక్కాడు.

అక్టోబరులో ఒక ఆదివారం దోన్ ఎలాదియో తన మంచం మీదే, నిద్రలో పోయాడు. గుండె అలసిపోయిందని డాక్టరు రాశాడు.

బుధవారం ఒదీలియే అక్కచెల్లెళ్ళిద్దరినీ ఆసుపత్రి నుంచి తీసుకొస్తూ ఆఖరి ఎత్తు దగ్గర అలవాటుగా కారు ఆపింది. వెనక ఎవరూ తలుపు తీయలేదు. ఆమె మెల్లగా యాక్సిలరేటర్ నొక్కింది. కారు ఎక్కేసింది. పైన ఇంజను ఆపి చాలాసేపు కూర్చుంది. నిదియా ఏడుస్తుంటే ఫ్లోరీ ఆమె చెయ్యి పట్టుకుంది.

మూడు నెలల గడువు వచ్చింది. మార్పులు తెలియజేయాలి. ఒదీలియే ఫారంలో ఒక పేరు కొట్టేసి, బరువు తగ్గించి, సంతకం పెట్టి ఇచ్చింది.

జవాబు తొమ్మిది రోజుల్లో వచ్చింది. (ఆ ఆఫీసు చరిత్రలో అది రికార్డు.) ప్రయాణికుల భారం తగ్గినందున వాహనానికి అదనపు శక్తి అవసరం లేదని కమిటీ ఏకగ్రీవంగా గుర్తించిందనీ, కనుక పోయిన ఇరవై ఎనిమిది హార్స్‌పవర్ ప్రశ్న ఇక ఉత్పన్నం కాదనీ, దరఖాస్తు సంతృప్తికరంగా పరిష్కారమైనట్టు నమోదు చేశామనీ అందులో ఉంది. కింద అర్గెదాస్ స్వహస్తాలతో ఒక వాక్యం చేర్చాడు: "మీరూ, మీ ప్రయాణికులూ అందించిన సహకారం దరఖాస్తుదారులందరూ అందిస్తే మా పని ఎంతో తేలికవుతుంది."