పది రోజుల అడాప్టర్

గురువారం పొద్దున జగదీశ్వర్ పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. టీ తాగాలి. కోఠిలో హోల్‌సేల్ వ్యాపారం చేసే దోస్తు జైపాల్‌కు ఫోన్ చేసి ఒక అడాప్టర్ చెప్పాలి. తొమ్మిదిన్నరకల్లా నారాయణగూడలో తన ఎలక్ట్రికల్ షాపు షటర్ ఎత్తాలి. వీటిలో ఫోన్ ఒక్కటే అనుకున్నట్టు జరగలేదు.

అడాప్టర్ ఎందుకంటే, ఓడ ఎక్కాలి కాబట్టి. తొంభై ఎనిమిది వేసవిలో ఎక్కువ ఫ్యాన్లు అమ్మిన డీలర్లను భార్యలతో సహా సింగపూర్ తీసుకెళ్లి, ఓడలో తిప్పి తెస్తామని ఫ్యాన్ల కంపెనీ ప్రకటించింది. ఆ ఏడు ఎండలు జగదీశ్వర్ తరఫున గట్టిగా పనిచేశాయి. కంపెనీ పంపిన కాగితాల చివరి పేజీలో మాత్రం ఒక మెలిక ఉంది. ఓడ గదుల్లో ఉండేవి రెండు చప్పటి పిన్నుల సాకెట్లు. మన గుండ్రటి పిన్నులు వాటిలో దిగవు. కాబట్టి ఎవరి అడాప్టర్ వాళ్లే తెచ్చుకోవాలి, అదీ గదికి ఒక్కటే. ఇరవై రెండేళ్లుగా చిక్కడపల్లికి, అశోక్‌నగర్‌కు స్విచ్చులు అమ్ముతున్న మనిషి దగ్గర ఆ ఒక్క వస్తువే లేదు. ఈ సంగతి పక్క షాపు వాడికి తెలియకుండా ఉంటే చాలనుకున్నాడు.

ఓడలో చార్జింగ్ పెట్టాల్సినవి మూడు. ఒకరి దగ్గర అడిగి తెచ్చిన వీడియో కెమెరా, గడ్డం గీసుకునే మిషన్, ఇన్‌కమింగ్‌కు కూడా డబ్బులు పడతాయని ఎప్పుడూ ఆఫ్ చేసి ఉంచే సెల్‌ఫోన్. సముద్రం మధ్యలో సిగ్నల్ ఉండదని ఎవరైనా అంటే, ఆఫ్ చెయ్యాలన్నా ముందు ఆన్‌లో ఉండాలి కదా అనేవాడు.

ఆయన భార్య అరుంధతికి చార్జింగ్ పెట్టేవేమీ లేవు. ఆమెకు సముద్రం చూడాలని ఉంది, అంతే. నలభై నాలుగేళ్లొచ్చినా చూడలేదు. పెళ్లైన కొత్తలో వైజాగ్‌కు టికెట్లు తీస్తే షాపులో షార్ట్ సర్క్యూట్ అయింది. తర్వాత పూరీ అనుకుంటే, సరిగ్గా అదే వారం ఎదురుగా ఇంకో ఎలక్ట్రికల్ షాపు తెరిచారు. పిల్లలు లేరన్న బెంగ ఆ ఇంట్లో పదేళ్లకే పాతబడింది కానీ, షాపు ఎవరు చూసుకుంటారన్న బెంగ ఎప్పటికప్పుడు తాజాగానే ఉండేది. అందుకే మంగళవారం విమానం ఎక్కేదాకా అరుంధతి గట్టిగా ఊపిరి కూడా తీయదలుచుకోలేదు.

వాళ్లు ఉండే మేడలో నాలుగు వాటాలకూ కలిపి ఉన్నది జగదీశ్వర్ ఇంటి ఫోన్ ఒక్కటే. గురువారం పొద్దున ఆయన జైపాల్‌తో మాట్లాడుతున్నప్పుడు, కింది వాటా దమయంతి వరంగల్ నుంచి రావాల్సిన తన చెల్లెలి ఫోన్ కోసం సోఫాలో కూర్చుని ఉంది. ఆమె భర్త పీరయ్య దస్తావేజులు రాస్తాడు. అమ్మకాలు, భాగాలు, దత్తతలు ఆయన తిండి. అడాప్షన్ డీడ్ అన్న మాట ఆ ఇంట్లో రోజుకు నాలుగుసార్లైనా వినబడుతుంది.

"జైపాల్, నాకు అర్జెంటుగ ఒక అడాప్టర్ కావాలె," అంటున్నాడు జగదీశ్వర్. "ఇంట్ల లేదు బై. ఇన్నేండ్లు అవసరమే పడలే. ఇప్పుడు ఓడ ఎక్కుతున్నం కద, లేకుండ పోతే నడవదట. ఆఁ, రూముకు ఒక్కటే ఒప్పుకుంటరట. కొత్తది దొరకకుంటే ఒకరి చేతులు మారినదైనా పర్వలేదు. మా అక్క ఇంట్ల ఒకటి పడున్నది గని, ఉత్తగ వేడెక్కుడే, పనిచెయ్యది."

దమయంతి కూర్చున్నచోటే బిగుసుకుపోయింది. పిల్లలు లేనివాళ్లను ఓడ ఎక్కనివ్వరన్నమాట. అందుకే దత్తత. ఇక ఆయన అక్క రాజ్యలక్ష్మి ఇంట్లో ఉన్నదెవరో చిక్కడపల్లిలో అందరికీ తెలుసు. కొడుకు ఉదయ్ కుమార్, ఇరవై ఎనిమిదేళ్లు, అశోక్‌నగర్‌లో ఆరేళ్లుగా గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. సొంత మేనల్లుడిని పట్టుకుని 'ఒకటి' అనడం దమయంతికి నచ్చలేదు. కానీ ఆరేళ్లుగా చదువుతున్నవాడిని ఇంకేమంటారులే అని సర్దుకుంది. చెల్లెలి ఫోన్ సంగతి మర్చిపోయి కిందికి దిగింది.

సాయంత్రానికి ఆ విషయం మెట్ల దగ్గర అరుంధతికి చేరింది.

"మంచి పని చేస్తున్నరక్కా," అంది దమయంతి ఆమె చేయి పట్టుకుని. "ఈ వయసుల అయినా పర్వలేదు. పెద్ద పిల్లగాడైతే పెంచే పని కూడ ఉండదు."

అరుంధతి విషయమంతా రాబట్టింది. తర్వాత పైకి వచ్చి, షాపు నుంచి వచ్చిన భర్త ముందు టీ గ్లాసు కొంచెం చప్పుడయ్యేలా పెట్టింది.

"నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా మీకు?"

"ఏం అడగాలె?"

"పొద్దున ఫోన్ల మాట్లాడిండ్రట కద. దమయంతి చెప్పింది."

"ఓ, అదా." జగదీశ్వర్ టీ ఊదుకున్నాడు. "దానికి నిన్ను అడిగేదేముంది? అది నా లైన్."

"మీ లైనా? పొద్దందాక ఇంట్ల ఉండేది నేను కాదా?"

"ఇంట్ల ఎందుకుంటది? ఓడల పని అయినంక షాపుల పడేస్త."

"పడేస్తరా? మరి సరిపడకపోతే?"

"సరిపడకపోతే వాపస్ ఇచ్చేస్త. కాగితం ఒకటి రాయించుకుంటే అయిపాయె."

ఆయన అన్నది బిల్లు గురించి. ఆమెకు కనిపించింది పీరయ్య రాసే స్టాంపు కాగితం. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషి ఇంత కఠినుడని ఆమెకు ఆ రోజే తెలిసింది. మర్నాటి చారులో ఉప్పు లేదు. ఉప్పు లేదని ఆయన గమనించనూ లేదు, ఎందుకంటే జైపాల్ తన దగ్గర అడాప్టర్ లేదని అప్పుడే ఫోన్ చేశాడు.

ఇక గత్యంతరం లేక జగదీశ్వర్ అక్కకు ఫోన్ చేశాడు. చనిపోయిన బావ ఎప్పుడో మస్కట్ నుంచి తెచ్చిన పాత అడాప్టర్ ఆ ఇంట్లో ఏదో సొరుగులో ఉందని ఆయనకు గుర్తు. అయితే ఆ శుక్రవారం పొద్దునే నారాయణగూడ మార్కెట్లో, వంకాయలు ఏరుతున్న రాజ్యలక్ష్మిని దమయంతి కలిసిందని ఆయనకు తెలియదు. పైగా లైన్లో ఎవరో ఇసుక పోస్తున్నట్టు గరగర.

"అక్కా, నీ ఇంట్ల ఖాళీగ పడున్నది కద, జర పంపు. పది రోజులు ఓడల చూస్త. మంచిగ పనిచేస్తే నా షాపులనే పెట్టుకుంట."

అవతల ముక్కు చీదిన చప్పుడైంది.

"ఇన్నాళ్లకు అక్క గుర్తొచ్చింది నీకు," అంది రాజ్యలక్ష్మి. "ఆదివారం మంచిది. నేనే తీసుకొస్త."

అంత చిన్న వస్తువుకు ఇంత ఏడుపు ఎందుకో జగదీశ్వర్‌కు అర్థం కాలేదు. బావ గుర్తొచ్చి ఉంటాడనుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆయన లుంగీ, బనీనుతో కెమెరా బ్యాటరీని చేతిలో పట్టుకుని తలుపు తీశాడు. గుమ్మంలో రాజ్యలక్ష్మి పట్టుచీరలో ఉంది. వెనక కొత్త చొక్కాకున్న మడతలు కూడా విప్పకుండా తొడుక్కున్న ఉదయ్ కుమార్, అతని చేతిలో రేకుపెట్టె, ఆ వెనక పంచాంగం పట్టుకున్న అయ్యగారు, అందరికన్నా వెనక స్టాంపు కాగితంతో పీరయ్య, దమయంతి.

"ఏందక్కా, ఇంతమంది వచ్చిండ్రు?" అన్నాడు జగదీశ్వర్. "సంచిల ఏసి పంపితే సరిపోతుండె కద."

రాజ్యలక్ష్మి కొడుకును కిందినుంచి పైదాకా చూసింది. "సంచిల పడ్తడార వీడు?"

ఈలోగా ఉదయ్ కుమార్ పెట్టె దించి, వంగి, కాళ్లు పట్టుకుని, దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటను అనేశాడు.

"నాన్నా."

జగదీశ్వర్ చేతిలోని బ్యాటరీ కిందపడింది. "తబియత్ బాగలేదార నీకు?"

అయ్యగారు పంచాంగం తెరిచారు. "ముహూర్తం పదీ ఇరవైకి. దత్త హోమం గంటలో అయిపోతుంది. ఒక్కటే నియమం. దత్తత అయిన తర్వాత తల్లిదండ్రులు నలభై ఒక్క రోజులు సముద్రం దాటకూడదు."

వంటింటి గుమ్మంలో నిలబడిన అరుంధతి చేతిలో గరిటె ఉంది. మొదటి రెండు వాక్యాలకు ఆమె ముఖంలో కోపం తప్ప ఇంకేమీ లేదు. చివరి దానికి ఆ కోపం కూడా పోయి, టికెట్లు వెనక్కిచ్చేవాళ్ల ముఖం వచ్చింది. ఆ ముఖం జగదీశ్వర్‌కు బాగా తెలుసు. రెండుసార్లు చూశాడు.

"ఏం దత్తత?" అన్నాడాయన. "ఎవరికి దత్తత? నేనడిగింది అడాప్టర్."

"అదే కద సార్," అన్నాడు పీరయ్య ఓపిగ్గా. "అడాప్టర్ అంటే దత్తత తీసుకునేటాయన, అంటే మీరు. ఈ బాబు అడాప్టీ. నేను ఇంగ్లిష్‌లనే రాసిన, ఓడ వాళ్లకు అర్థం కావాలె కదా అని."

"అరె, పిన్ను అన్నా. గోడకు పెట్టే పిన్ను. గుండ్రటి పిన్నును చప్పటి రంధ్రంల పెట్టెటందుకు వాడేది."

అందరూ ఉదయ్ కుమార్ వైపు చూశారు, అతను దేనికైనా పనికొస్తాడేమోనన్నట్టు.

అర్థమయ్యేందుకు ఐదు నిమిషాలు పట్టింది. దమయంతి మాత్రం రెండు నిమిషాలకే, స్టవ్ మీద పాలు పెట్టి వచ్చానని చెప్పి కిందికి వెళ్లిపోయింది. రాజ్యలక్ష్మి ఏడవలేదు, అదే ప్రమాదం. సోఫాలో కూర్చుని చీర కుచ్చిళ్లు సవరించుకుంది.

"అంటే పిన్ను కోసం పిలిచినవా నన్ను. నేను గల్లీ మొత్తానికి పేడాలు పంచిన. వీడు ఆరేండ్ల గైడ్లన్నీ దోస్తులకు ఇచ్చేసిండు. ఇప్పుడు వాపస్ తీస్కపోతే అశోక్‌నగర్ల నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలె? తమ్ముడు వద్దన్నడని చెప్పాల్నా?"

"గైడ్లు అడిగితే ఇస్తరమ్మా," అన్నాడు ఉదయ్ కుమార్.

"నువ్వు నోర్ముయ్."

జగదీశ్వర్ అక్క ముందు ఎప్పుడూ నిలబడలేడు. బనీను అంచుతో నుదురు తుడుచుకున్నాడు. "సరే అక్కా, నువ్వు పరేషాన్ కాకు. ఓడ క్యాన్సిల్ చేస్త. ఎట్లాగూ షాపు చూసుకునేటోడు లేడు. కంపెనీకి ఫోన్ చేసి, ఇంట్ల ఇట్ల అయిందని చెప్త. హోమం గిట్ల తర్వాత ఆలోచిద్దం."

ఆయన ఫోన్ దాకా వెళ్లేలోపు అరుంధతి గరిటె బల్ల మీద పెట్టి, ఫోనుకూ ఆయనకూ మధ్య నిలబడింది.

"ఏం క్యాన్సిల్ లేదు. మనం తీసుకుంటున్నం."

"ఏంది తీసుకునేది?"

"దత్తత. పది రోజులకు."

గదిలో ఫ్యాను చప్పుడు వినబడింది. అది కంపెనీ ఫ్యానే, చప్పుడు రాకూడదు.

అరుంధతి మేకుకున్న షాపు తాళాలు తీసి ఉదయ్ కుమార్ చేతిలో పెట్టింది. "తొమ్మిదిన్నరకు షటర్ తియ్యాలె. ఎవరేం అడిగినా ఉన్నదే ఇయ్యి, లేనిదాన్ని ఉన్నదనకు. మీ మామ కుర్చీల కూర్చో."

"అత్తా, నాకు ఫ్యూజ్ ఏస్తానికి కూడ రాదు."

"మీ మామకు కూడ రాకుండె. నేర్చుకున్నడు."

"ఇట్ల తాత్కాలిక దత్తత శాస్త్రంలో లేదమ్మా," అన్నారు అయ్యగారు. "పైగా సముద్రం..."

"హోమం వచ్చినంక చేద్దమయ్యగారూ. ముందు సముద్రం దాటి వస్తే, తర్వాత నలభై ఒక్క రోజులు దాటకుండ ఇంట్లనే కూర్చుంటం."

అయ్యగారు పంచాంగంలో ఏదో వెతికి, దొరకక, మూసేశారు. పీరయ్య మాత్రం వృత్తిధర్మంగా కలం తీశాడు. 'శాశ్వతముగా' అన్న మాట కొట్టేసి, 'సదరు దత్తత పదకొండవ దినమున దానంతటదే రద్దగును' అని రాసి, కొట్టివేత పక్కన చిన్న సంతకం పెట్టించుకున్నాడు. రాజ్యలక్ష్మి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. గల్లీకి చెప్పుకోవడానికి దత్తత అన్న మాట ఉంది, మిగతాది చిన్న అక్షరాల్లో ఉంది. ఆమెకు అది చాలు.

"మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ పంపిస్త," అంది కొడుకుతో. "డీలర్ లెక్క కూర్చో."

అందరూ వెళ్లాక జగదీశ్వర్ కింద పడ్డ బ్యాటరీ తీసి తుడిచాడు. "అంత మంచిగనే ఉన్నది గని, అడాప్టర్ సంగతేంది? అక్క అసలుది తేనే లేదు."

"ఇంట్లనే నిండ చార్జ్ చేసి తీస్కపోండ్రి," అంది అరుంధతి సూట్‌కేసు తెరుస్తూ. "అది అయిపోయినంక కండ్లతో చూద్దం."

బుధవారం మధ్యాహ్నం ఓడ రేవు దాటింది. సాయంత్రం అరుంధతి పైడెక్కు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఎటు చూసినా నీళ్లే, ఎక్కడా ఒడ్డు లేదు. చాలా పెద్దదని వినడం వేరు, అది ఎదురుగా ఊపిరి తీయడం వేరు. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనుకుంది, మళ్లీ ఎందుకులే అనుకుంది.

అప్పుడే కిందినుంచి జగదీశ్వర్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"అరుంధతీ, ఇంజన్ రూమాయనతోని మాట్లాడిన. ఈ ఓడకు ఎన్ని జనరేటర్లున్నయో ఎరికేనా? మన చిక్కడపల్లి మొత్తానికి కరెంటు ఇయ్యొచ్చు. లోడ్ ఎట్ల పంచుతరంటే..."

"జర పక్కకు జరుగుండ్రి," అంది అరుంధతి. "సముద్రానికి అడ్డమొస్తున్నరు."