తుంటిలో తెల్లచుక్కలు

ఆ ఆదివారం ఉదయం లెక్కల మాస్టారి ప్రణాళిక చాలా చిన్నది. స్టూలెక్కి కర్టెన్ తగిలించడం, దిగడం, కాఫీ తాగడం. దిగడం మాత్రం అనుకున్నదానికన్నా త్వరగా జరిగింది.

పెళ్లయి నలభై రోజులైన భార్య "పడతారని చెప్పానా లేదా?" అని పోట్లాడుతూనే ఎక్స్‌రేకి తీసుకెళ్లింది. ఆ ఇంట్లో ముద్దు చేయడమంటే అదే. ఆయన ఏమన్నా "ఎవరు చెప్పారు?" అంటుంది. ఆ మాట వినకపోతే ఆయనకు తిన్నది అరగదు.

ఎముక విరగలేదు గానీ, తుంటి నిండా తెల్లటి చుక్కలున్నాయి. మూడింటిలో ఏదో ఒకటి కారణం కావచ్చని రిపోర్టులో రాశారు. మందుల షాపు నడిపే ఆమె బాబాయ్ మొదటిది చదివి ఆగిపోయాడు. శుభవార్త తగిలేదాకా చదివే ఓపిక ఆయనకు పుట్టుకతోనే లేదు. అన్నకూతుర్ని వంటింట్లోకి పిలిచాడు.

"క్యాన్సర్ ఎముకలకి పాకితే ఇలాగే ఉంటుందమ్మా. అల్లుడికి మాత్రం చెప్పకు. తట్టుకోలేడు."

మాస్టారికి చెప్పకుండా ఉండటానికి పన్నెండు మంది బంధువులు వచ్చారు. ఆయన హాల్లోకి రాగానే అందరూ ఫ్యాను ఎంత బాగా తిరుగుతోందో మెచ్చుకునేవారు. టీవీ రిమోట్‌ని ప్రాణంగా చూసుకునే బావమరిది దాన్ని ఆయన చేతిలో పెట్టి, మొహం తిప్పుకున్నాడు. అన్నిటికన్నా ఘోరం, భార్య దేనికీ ఎదురు చెప్పడం లేదు.

"మూడు రెళ్లు ఏడు," అని పరీక్షించారు మాస్టారు.

"అలాగేనండీ," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆయనకు లెక్క తేలిపోయింది. ఈమెకు ఈ కాపురం ఇష్టం లేదు. ఆ మాట ఎవరు చెప్పాలో తేలక పెద్దలంతా చేరారు. గుండె రాయి చేసుకుని ఆయనే మాట కదిపారు.

"నీకు వెళ్లిపోవాలనుంటే వెళ్లు. చిన్నదానివి, ఇంకా బోలెడు జీవితం ఉంది. నేనేమీ అనుకోను."

విషయం ఆయనకు తెలిసిపోయిందనుకుని ఆమె బావురుమంది. వంటింట్లోంచి పన్నెండు గొంతులు శ్రుతి కలిపాయి. మాస్టారు దాన్ని ఏకగ్రీవ తీర్మానంగా స్వీకరించారు.

"నడుము చూపిద్దాం" అనే వంకతో స్కాన్ తీయించి, ఎముకల డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ ఫిల్ములు తిరగేసింది.

"చుక్కలన్నీ చిన్నవి, రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. స్కాన్‌లో ఎక్కడా తేడా లేదు. ఇవి పుట్టుమచ్చల్లాంటివి, వంశంలో వస్తుంటాయి. వీటితో ఏ ప్రమాదమూ లేదు. క్యాన్సర్ కాదు."

"క్యాన్సరా! ఎవరికి?" అన్నారు మాస్టారు.

భార్య ఏడుస్తూ నవ్వుతూ అంతా చెప్పింది.

"అయితే నువ్వు నన్ను వదిలేసి వెళ్లడం లేదా?"

"ఎవరు చెప్పారు?"

ఆ మాటకు ఆయన కళ్లు చెమర్చాయి. వెంట వచ్చిన బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా, భయపడాల్సిందేమీ లేదని!"

బయటికి వచ్చాక బస్టాపు ఎడమవైపని మాస్టారు, కుడివైపని ఆమె చేతులు పట్టుకునే వాదించుకున్నారు. ఈలోగా ఎదురుగానే మూడు బస్సులు ఆగి, వెళ్లిపోయాయి.