జెబ్యులన్ రెండు చీటీలు

మన రాష్ట్రానికి ఈసారి ఇద్దరు గవర్నర్లు ఎన్నికయ్యారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. తెల్ల చీటీ పార్టీ ఎల్నాథన్ క్రాబ్ గారు శాసనసభ భవనం కింది అంతస్తులో, ఎర్ర చీటీ పార్టీ లైసాండర్ హోగ్ గారు పై అంతస్తులో ప్రమాణం చేసి, ఒకరినొకరు అరెస్టు చేయాలని ఉత్తర్వులిచ్చారు. పాలన మునుపటికన్నా బాగానే సాగుతోంది.

ఇద్దరికీ ఓట్లు సరిసమానం. చెల్లకుండా పోయిన ఒకే ఒక్క ఓటు టిల్‌బరీ ఊరి రైతు జెబ్యులన్ ప్రాట్‌ది. ఎన్నికల రోజు తెల్ల పార్టీ పెట్టిన ఆల్చిప్పల పులుసు తిన్నాడు, ఎర్ర పార్టీ పోసిన రమ్ము తాగాడు. రెండు పార్టీలూ చేతికిచ్చిన ఓటు చీటీలు, తెల్లదీ ఎర్రదీ, కలిపి మడిచి పెట్టెలో వేశాడు. రెండు ఓట్లు వేసిన నేరానికి జైల్లో పెట్టారు.

భార్య మెహిటబెల్‌కి రాజ్యాంగంతో పేచీ లేదు. మేపుల్ చెట్ల నుంచి రసం దిగే రోజులివి. ఇప్పుడు పట్టి కాచుకోకపోతే ఏడాదంతా చక్కెర లేదు. బకెట్లు మోయడానికి మొగుడు కావాలి. క్షమాభిక్ష అడగడానికి రాజధానికి వెళ్లింది.

"అమ్మా, ప్రజాస్వామ్యం నీ మొగుడి నోట్లో ఉంది!" అని కింది గవర్నరు గారు కళ్లు తుడుచుకున్నారు. "మనసారా వేసింది తెల్ల చీటీయేనని ఒక్క ముక్క చెప్పించు. వెంటనే వదిలేస్తాం."

పై గవర్నరు గారు కూడా ఇదే ఉపన్యాసం ఇచ్చారు, రంగు మార్చి.

మెహిటబెల్ జైలుకు పరిగెత్తింది. "ఏదో ఒక రంగు చెప్పి చావవయ్యా, అక్కడ రసమంతా నేలపాలవుతోంది!"

"ఎలా చెప్పనే? పులుసూ బాగుంది, రమ్మూ బాగుంది. ఒకరిది తిని ఇంకొకరికి వెయ్యడానికి నేనేమన్నా చర్చి పెద్దనా?"

విచారణకు ఊరంతా వచ్చింది. జడ్జి టట్‌హిల్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఈ హాల్లో అందరం రెండు చోట్లా భోంచేసినవాళ్లమే. నేనూ తిన్నాను. అయినా మర్యాదగా ఎవరో ఒకరిని మోసం చేసి వచ్చాం. ఈ మనిషి ఎవరినీ మోసం చెయ్యలేదు! అందరూ ఇలా తయారైతే ప్రభుత్వాలు ఎలా ఏర్పడతాయండీ?"

వేసవి దాకా జైలు. ఓటు హక్కు జీవితాంతం రద్దు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు మెహిటబెల్ పెద్ద కుండలో పంది మాంసంతో చిక్కుళ్లు వండి, బకెట్లు మోసిపెట్టమని ఇరుగుపొరుగును పిలిచింది. అందరూ వచ్చారు, కడుపునిండా తిన్నారు. "నువ్వు దిగులు పడకమ్మా, మేమంతా లేమా?" అని మూతి తుడుచుకున్నారు. తర్వాత తమ బకెట్లు మోసుకోవడానికి ఎవరి తోటకు వాళ్లు వెళ్లిపోయారు.

వాళ్లందరి ఓటు హక్కూ భద్రంగా ఉంది.