మా గుడి గ్యాస్ ట్యాంకుకు భక్తి లేదు

బయోగ్యాస్ ట్యాంకు ఆగిపోవడం ఒక వరం! నవ్వకండి. కంఠేశ్వర్‌లోని మా కాలనీ గుడిలో ఆ వరం పొందినవాణ్ణి, చెబుతున్నాను.

అన్నదానం పొయ్యి ఆ గ్యాసు మీదే వెలిగేది. వంట చేసే రేణుకమ్మ మాక్లూర్ నుంచి వచ్చే పేడలో వంటింటి మిగులు కొంచెం కలిపి, రోజూ ఒకే కొలతగా ట్యాంకులో పోసేది. పేడకు దాత ఎవరూ లేరు కనుక గుడిలో దాతల బోర్డు ఖాళీగా ఉండేది. ఎంత లోటు!

కమిటీ అధ్యక్షుడు ఆత్మారాం గారు ఆ లోటు తీర్చారు. గుడిలో పేడ ఏమిటని, తమ మిల్లులో పసుపు పాలిష్ పట్టగా రాలిన పొట్టు నాలుగు బస్తాలు ట్యాంకుకు సమర్పించారు. వేల్పూర్ పసుపు! అంతకంటే శుభం ఏముంటుంది? బోధన్ నుంచి భోజన్న గారు బెల్లం వండేటప్పుడు తీసిన మడ్డి రెండు డ్రమ్ములు పంపారు. ఇద్దరి పేర్లూ బోర్డెక్కాయి. కమిటీ సభ్యుడిగా ట్యాంకు ముందు కొబ్బరికాయ కొట్టింది నేనే.

"సారూ, బర్రెకు మేత మార్వాల్నన్నా మెల్లగ మారుస్తం. లోపటున్న పురుగులకు గిట్ల ఒక్కపారే పోస్తరా?" అంది రేణుకమ్మ.

"పురుగులే గద రేణుకమ్మా, ఏది పెడ్తే అది తింటయి," అన్నారు ఆత్మారాం గారు.

తినలేదు. తీపి మడ్డికి ట్యాంకు పులిసిపోయింది. గ్యాసు చేసే సూక్ష్మజీవులు ఆ పులుపుకే సగం చచ్చాయట, మిగతా సగం పని పసుపు పట్టింది. గాయం చీము పట్టకుండా పసుపు అద్దే మనకు, అది క్రిములను చంపుతుందని ఇంజనీరు వచ్చి చెప్పాలా? చెప్పాల్సి వచ్చింది.

ఇక వరం సంగతి. సోమవారం రెండు వందల మందికి కట్టెల పొయ్యి మీద వంట. పొగ గర్భగుడి దాకా పోయింది, హోమం చేయకుండానే హోమఫలం! రేణుకమ్మ కళ్ల వెంట కారే నీళ్లు చూసి భక్తి పారవశ్యం అనుకున్నవాళ్లూ ఉన్నారు.

"ఇంకో రెండు సోమారాలు ఇట్లనే అయితే నా కండ్లు పోతయి సారూ. వేరే మనిషిని సూస్కోండ్రి," అందామె.

అప్పుడు గానీ మాకు పేడ గుర్తుకు రాలేదు. ట్యాంకు కడిగించి, మాక్లూర్ పోయి పేడ తెచ్చాను. రేణుకమ్మ తన కొలతలోనే పోసింది. నెలకు నీలిమంట వచ్చింది. దాతలిద్దరి పేర్లు మాత్రం బోర్డు మీద అలాగే ఉన్నాయి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నిరుడు ఆత్మారాం గారు పురుగు పట్టిన బియ్యం పది బస్తాలు అన్నదానానికి ఇచ్చారు. ఆ అన్నం నేను కళ్లకద్దుకుని తిన్నాను. తనకు అక్కరలేనిది దేవుడికిస్తే దానమవుతుందా అని అడగాలనిపించింది గానీ అడగలేదు.

నోరులేని సూక్ష్మజీవులు అడిగాయి. భక్తి లేనివి కదా!