దెబ్బలు తిని రావద్దు, కొట్టి రండి!

ఇల్లొదిలిన పిల్లలు వీధుల్లో ఒకరినొకరు కొట్టుకుంటున్నారని వాపోయే పెద్దలారా! మీకు బొత్తిగా లోకజ్ఞానం లేదు. ఆ కొట్టడమే వాళ్ల పాలిట వరం!

సియోల్‌కు గంట దూరంలో ఉన్న మా ఊళ్లో, స్టేషన్ వెనక నేను లాండ్రీ నడుపుతాను. వారానికి మూడు రోజులు ఆకుపచ్చ కోటు తొడుక్కుని, యువజన సంఘం తరఫున ఆ పిల్లలకు దారి చూపిస్తాను. ఎటు చూపిస్తానన్నది వేరే సంగతి.

మా సోల్బినే తీసుకోండి. పదిహేడేళ్ల పిల్ల. తండ్రి గోల్ఫ్ కర్రతో భుజం ఎముక విరగ్గొడితే, కట్టుతో పోలీసు ఔట్‌పోస్టుకు వచ్చింది. ఎంత అమాయకత్వం! వట్టి దెబ్బలు తిని వస్తే ఎవరు పట్టించుకుంటారు? షెల్టర్‌లో చేర్చుకోవాలంటే ముందు తండ్రికి తెలియజేయాలి. అది రూలు. రూలంటే నాకు ప్రాణం. ఫోన్ చేసింది నేనే.

ఆయన గంటలో వచ్చాడు. అందరికీ కమలాపళ్లు పంచాడు. ఎంత మర్యాదస్తుడు! "రామ్మా, ఇంటికెళ్దాం" అని తీసుకెళ్లాడు.

వారం తిరక్కుండా పిల్ల మళ్లీ రోడ్డెక్కింది. స్టేషన్ మెట్ల మీద తనలాంటి నలుగురితో చేరింది. వాళ్లలో డోగ్యోమ్ అనేవాడు ఆమె ఫోన్ లాక్కుని మూతి పగలగొట్టాడు. వాడికి ఆ విద్య నేర్పిన గురువు వాడి మారుతండ్రే. ఫిర్యాదు చెయ్యబోతే, "అడ్రస్ ఏంటమ్మా?" అన్నారు. మెట్లకు డోర్ నంబరు ఎక్కడిది?

చివరికి సోల్బికి బుద్ధొచ్చింది. కొత్తగా వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లను, ఒక కప్పు నూడుల్స్ కోసం, గొడుగుతో చితకబాదింది.

ఏడు నిమిషాల్లో పోలీసు బండి వచ్చి, పిల్లను బాలనేరస్థుల కేంద్రానికి తీసుకెళ్లింది! దుప్పటి, వేడి సూపు, అన్నం, మెత్తగా మాట్లాడే కౌన్సిలర్! ఒక ఫారం కూడా ఇచ్చారు. అందులో ఒక గడి: "ఇంతకుముందు నిన్నెవరైనా కొట్టారా?" ఆ ఒక్క మాట అడగడానికి ప్రభుత్వానికి అంత గొడుగు కావలసి వచ్చింది. సోల్బి అదనపు కాగితం అడిగి మరీ రాసింది.

ఇక్కడ ఉంచే గడువు గురువారంతో సరి. తండ్రికి అప్పగించాలి, కబురు చెయ్యమని మళ్లీ నాకే చెప్పారు. నంబరు నా దగ్గరుందిగా! నొక్కుతుంటే సోల్బి నా చెయ్యి పట్టుకుంది.

"బాబాయ్, ఇంకొకర్ని కొడితే ఇక్కడే ఉండనిస్తారా?"

సిగ్గుతో ఫోన్ పక్కన పెట్టాను. రూల్ పుస్తకం తీసి చూశాను.

ఉండనిస్తారట.