ట్యూషన్ మాస్టారి ఓవెన్

ఆ ఆదివారం పొద్దున్న కోడలు వేసుకున్న ప్రణాళికలో కష్టమైన పని ఒక్కటీ లేదు. భర్తతో స్కూటర్ మీద బజారుకు వెళ్ళి కీబోర్డు కొనాలి, మధ్యాహ్నం కాసేపు కునుకు తీయాలి, సాయంత్రం ఆరింటికి తన చేతులతో తాను కట్టుకున్న మొదటి గేమింగ్ కంప్యూటర్ ముందు కూర్చుని ఆట గెలవాలి. ఆమె ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తుంది. ఆసుపత్రి ఉద్యోగులు ఐదుగురు కలిసి ఆడే జట్టులో ఐదో స్థానం ఎంతో బతిమాలితే ఆమెకు దక్కింది. జట్టు నాయకుడు ఎక్స్‌రే టెక్నీషియన్. ఆరింటికి ఆటలోకి రాకపోతే ఆ స్థానం లిఫ్ట్ ఆపరేటర్‌కి ఇచ్చేస్తానని ఆయన ముందే చెప్పాడు. లిఫ్ట్ ఆపరేటర్ అప్పటికే ఆమె ఎదురైనప్పుడల్లా జాలిగా నవ్వడం మొదలుపెట్టాడు.

ఉన్న కాస్త డబ్బుతో ఆ కంప్యూటర్‌కి భాగాలు ఎంచడం అలిగిన చుట్టాలందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం లాంటిదైంది. ప్రాసెసర్ ఒక మెట్టు పెంచితే మదర్‌బోర్డుకు నప్పదు. మదర్‌బోర్డు మారిస్తే అనుకున్న ర్యామ్ పనికిరాదు. అందరూ సర్దుకున్నారు కదా అనుకునేసరికి పవర్ సప్లై నా వల్ల కాదంటుంది. అయినా అంత సంతోషమైన రోజులు ఆమె ఎరగదు. బస్సులో అవే లెక్కలు, భోజనం దగ్గర అవే లెక్కలు. ఒకరోజు ఆ ధ్యాసలోనే ఒక రోగికి రక్తపరీక్షకు బదులు ర్యామ్ అని బిల్లు కొట్టింది. డాక్టరు రాసే ఉంటాడనుకుని ఆ పెద్దమనిషి కట్టబోయాడు కూడా.

చివరికి ఆశంతా గ్రాఫిక్స్ కార్డు మీదికి పోయింది. మూడు ఫ్యాన్లతో నిగనిగలాడే ఆ కార్డును చూశాక ఇంకేదీ కంటికి ఆనలేదు. అది కొనేసరికి ఇవన్నీ బిగించే కేబినెట్‌కి చేతిలో ఏమీ మిగల్లేదు. ఆమె భర్త ఫ్రిజ్‌లు, ఓవెన్‌లు బాగుచేసే మెకానిక్. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. ఖాళీ డబ్బాకి అంత రేటేమిటని ఆయన ఆశ్చర్యపోయి, అటక మీంచి ఒక మైక్రోవేవ్ ఓవెన్ దించాడు. ఎవరో రిపేరుకిచ్చి ఏడాది దాటినా మళ్ళీ మొహం చూపించలేదు. దాని లోపలి సామానంతా పీకేసి చూస్తే భాగాలన్నీ కొలిచి చేయించినట్టు పట్టాయి. ఓవెన్ మీది స్టార్ట్ బొత్తాన్నే కంప్యూటర్‌కి కలిపారు. శనివారం సాయంత్రం ఆ బొత్తాం నొక్కగానే ఫ్యాన్లు తిరిగి, లోపల రంగుల దీపాలు వెలిగి, తెర మీద బొమ్మ వచ్చింది. మొగుడూ పెళ్ళాం చేతులు పట్టుకుని, చప్పుడు కాకుండా గెంతారు.

చప్పుడు కాకుండా ఎందుకంటే, పక్కగదిలో అత్తగారు ఉంది. దుకాణంలో సామాను పుచ్చుకోవడం, ఇవ్వడం, చార్జీ వసూలు చేయడం ఆవిడ పని. ఆవిడ కన్నుగప్పి డబ్బు కట్టకుండా బయటపడ్డవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆటలు పిల్లలకే గాని పెద్దలకు కాదని ఆవిడ అభిప్రాయం. ఉద్యోగం చేసే కోడలు ఆటల కోసం డబ్బు తగలేసిందని తెలిస్తే ఇల్లు పీకి పందిరి వేస్తుందని భయపడి, ఓవెన్ బాగుచేస్తున్నామని చెప్పారు. పొరపాటున తెరుస్తుందేమోనని తలుపుకు నాలుగు మరలు కూడా బిగించారు.

కీబోర్డు చంకలో పెట్టుకుని, కూనిరాగం తీస్తూ తిరిగొచ్చిన కోడలికి బల్ల మీద ఓవెన్ కనబడలేదు.

"ట్యూషన్ మాస్టారు వచ్చి పట్టుకెళ్ళారు," అంది అత్తగారు తృప్తిగా. "బాగుచేశారుగా అని ఇచ్చేశాను. ఇన్నాళ్ళూ రానందుకు నాలుగు మాటలని, చార్జీ కూడా పుచ్చుకున్నాను."

కోడలు నోరు తెరిచేలోగా ఫోను మోగింది. అత్తగారు ఎత్తింది. అవతల మాస్టారే. స్టార్ట్ నొక్కితే లోపల రంగురంగుల దీపాలు వెలుగుతున్నాయని, తలుపు మాత్రం రావడం లేదని చెప్పాడు. దీపాలు కూడా పెట్టావా అన్నట్టు అత్తగారు కొడుకు వంక గర్వంగా చూసింది. ఫరవాలేదు, సుత్తీ ఉలీ తెచ్చుకున్నాను, ఒక్క దెబ్బకి ఊడొస్తుందన్నాడు మాస్టారు.

మెకానిక్ ఒక్క ఉదుటున ఫోను లాక్కున్నాడు. "తలుపు ముట్టుకోకండి మాస్టారూ. అందులోంచి కిరణాలు లీకవుతున్నాయి."

ఆయనకు అబద్ధాలాడి అలవాటు లేదు. అలవాటున్నవాళ్ళు చిన్నవి ఆడతారు. పైగా మాస్టారు ట్యూషన్‌లో చెప్పేది సైన్సు. ఇంకెవరైనా అయితే ఫోను పెట్టేసి పక్కకు జరిగేవారు. మాస్టారికి కిరణాల గురించి చాలా తెలుసు.

స్కూటర్ మీద పడుతూ లేస్తూ వీళ్ళు చేరేసరికి ట్యూషన్ పిల్లలు ఇళ్ళకు పారిపోయారు, ఇరుపక్కల ఇళ్ళూ ఖాళీ అయ్యాయి. వీధి నడిమధ్య స్టూలు మీద ఓవెన్ ఒంటరిగా ఉంది. దాని చుట్టూ దూరంగా తాడు కట్టారు. మాస్టారు కుర్చీ ఎక్కి, కిరణాలు తగిలితే పళ్ళకూ జుట్టుకూ ఏమవుతుందో జనానికి వివరిస్తున్నాడు. ఎదురింటి బట్టతల పెద్దమనిషి తన విషయంలో ఇది ఎప్పటినుంచి జరుగుతోందో తేల్చమని పట్టుబడుతున్నాడు. కోడలు తాడు దాటబోతే నలుగురు ఆడవాళ్ళు ప్రేమగా వెనక్కి లాగారు. కిరణాల సంగతి తెలిసిన మనిషి కోసం ఆసుపత్రికి కబురు పంపామని, వచ్చేదాకా ఎవరూ కదలకూడదని మాస్టారు ఆజ్ఞాపించాడు.

కిరణాల మనిషి వచ్చాడు. సీసపు రేకుల ఆప్రాన్ తొడుక్కుని, దాని బరువుకి అడుగులో అడుగు వేసుకుంటూ, జట్టు నాయకుడైన ఎక్స్‌రే టెక్నీషియనే వచ్చాడు.

ఆయన తాడు దాటి, వంగి, ఓవెన్ అద్దంలోంచి టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన తల తిప్పి గుంపులో కోడలిని గుర్తుపట్టి, ఇలా రమ్మని వేలుతో పిలిచాడు.

"మూడు ఫ్యాన్ల కార్డు," అన్నాడు గొంతు తగ్గించి. "మేడం, మీరు చెప్పింది ఇదేనా?"

కోడలు అవునని తలూపింది. ఆయనొక్కడికైనా తన కార్డు విలువ తెలిసిందని ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టెక్నీషియన్ నిటారుగా నిలబడి, ఇది చాలా ప్రమాదకరమని, ఇక్కడ తెరవకూడదని, మెకానిక్ ఇంటికి తీసుకెళ్ళి చల్లబరచాలని ప్రకటించాడు. జనం వెంటనే ఒప్పుకున్నారు. కథ అక్కడితో సుఖంగా ముగిసేదే, ఆటో దిగి అత్తగారు రాకపోతే.

రిపేరు సరిగ్గా కుదరలేదేమోనని, పుచ్చుకున్న చార్జీ మాస్టారికి తిరిగిచ్చేద్దామని ఆవిడ వెనకాలే బయలుదేరింది. తాడూ, జనం, కుర్చీ మీద మాస్టారూ కనిపించేసరికి ఆవిడ మొహం కందగడ్డలా అయింది. ఈ దుకాణంలో బాగుచేసిన వస్తువు ఇక ఇంట్లో పెట్టుకునేది లేదని ఎవరో అననే అన్నారు.

"మా అబ్బాయి చేతిలోంచి వచ్చిన దాంట్లో కిరణాలా?" అంటూ అత్తగారు కొడుకు జేబులోని స్క్రూడ్రైవర్ లాక్కుని తాడు కిందనుంచి దూరింది. అడ్డొచ్చిన టెక్నీషియన్‌ని ఆప్రాన్ పట్టుకుని పక్కకు నెట్టింది. మాస్టారు కుర్చీ దిగి దాని వెనక నక్కాడు. మరలు ఒక్కొక్కటీ ఊడి, తలుపు తెరుచుకుంది. కిరణాలేవీ రాలేదు. లోపల తీగలు, బోర్డు, మూడు ఫ్యాన్ల కార్డు ఉన్నాయి.

"నా ఓవెన్‌లోని గాజు పళ్ళెం ఏదీ?" అన్నాడు మాస్టారు కుర్చీ వెనకనుంచి.

అత్తగారు కొడుకు వైపు చూసింది. ఊరుకుంటే దుకాణం పేరు పోతుంది, చెబితే కంప్యూటర్ పోతుంది. కోడలు ఒక్కసారి కార్డు వంక చూసుకుంది. ఆ ఇంటి అన్నం ఆ దుకాణంలోంచే వస్తోందని ఆమెకు తెలుసు.

"అది ఓవెన్ కాదత్తయ్యా. ఆటలాడుకునే కంప్యూటర్," అంది. "అన్నీ నేనే ఏరుకున్నాను, నేనే బిగించాను. మీరేమంటారోనని దాచాం. కిరణాలూ లేవు, ఏమీ లేవు. తప్పు మాది, దుకాణానిది కాదు."

అత్తగారు ఓవెన్‌లోకి తొంగి చూసింది. ఒక తీగ పట్టుకుని లాగి చూసింది. అది ఊడి రాలేదు.

"ఈ వైర్లు ఎవరు కట్టారు?"

"నేనే."

"మీ ఆయన ఇంత శుభ్రంగా ఏనాడూ కట్టలేదు," అంది అత్తగారు. మాస్టారి చేతిలో చార్జీ పెట్టేసి, తమ వంటింట్లోని ఓవెన్ సాయంత్రంలోగా పంపిస్తానని మాటిచ్చింది. నోరు వెళ్ళబెట్టి నిలబడ్డ కొడుకుని ఆ డబ్బా ఎత్తమంది. టెక్నీషియన్ తానూ ఆట అందుకోవాలని ఆప్రాన్‌తోనే ఇంటికి పరుగెత్తాడు.

సరిగ్గా ఆరింటికి బొత్తాం నొక్కితే రంగుల దీపాలు వెలిగాయి. అత్తగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నా దగ్గర దాచి ఆడాల్సినంత ఆట ఏమిటో చూపించు," అంది.

ఆటలో కోటకు ఒక గేటు ఉంటుంది. శత్రువు లోపలికి రాకుండా దాన్ని కాయడం ఐదో మనిషి పని. కోడలు ఒకణ్ణి ఆపేలోగా ఇంకొకడు దూరిపోయాడు. గోడవార ఒకడు నక్కాడు చూడు అంది అత్తగారు. కోడలు చూసేలోగా వాడూ దూరాడు. అత్తగారు ఇక చూడలేక, వాడలా వెళ్ళిపోతుంటే ఊరుకుంటావేమని మౌసు లాక్కుంది. ఏ మీట ఎందుకో కోడలు గబగబా చెవిలో చెబుతూ పోయింది. ఆ తరువాత ఆట ముగిసేదాకా ఆ గేటు దాటి పురుగు కూడా లోపలికి రాలేదు.

గెలిచిన కేకలు సద్దుమణిగాక హెడ్‌ఫోన్‌లోంచి టెక్నీషియన్ గొంతు వినబడింది. ఇవాళ గేటు దగ్గర కూర్చున్నది ఎవరైనా సరే, వచ్చేవారం నుంచి ఐదో స్థానం వాళ్ళదేనన్నాడు. అత్తగారు తలూపి, అలాగే బాబూ అంది.

వారాలు గడిచినా తన వంతు ఎప్పుడని కోడలు ఇంకా అడగలేదు. ఆట మధ్యలో మాట్లాడిస్తే ఆవిడకు నచ్చదు.